నా అరటిపళ్ల వీడియో బెడిసికొట్టింది: ఆహార శాస్త్రాన్ని ఫోన్లో ఎలా చెప్పాలి?

లంక అరటి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఆహార సాంకేతిక శాస్త్రంలో డిగ్రీ చదివి, ఏడాదిన్నరగా ఫోన్లో చిన్న చిన్న వీడియోలు తీస్తున్నాను. మాది వశిష్ట ఒడ్డున ఒక లంక. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలకపోతే బూజు ఎందుకు పడుతుంది, ఎండాకాలం పెరుగు పొద్దెక్కేసరికే ఎందుకు పులుస్తుంది, ఇలాంటి సంగతులు చెబుతుంటాను. మూడు నాలుగు వందల మంది చూస్తారు. అందులో సగం మా బంధువులే.

పోయిన నెల కార్బైడ్ గురించి, అంటే పళ్లు మగ్గబెట్టడానికి కొందరు దొంగచాటుగా వాడే రసాయనం గురించి, 40 సెకన్ల వీడియో పెట్టాను. మొదటి మాట ఇది: "పండేమో పసుపు, కాడేమో ఆకుపచ్చ. మీరు తినేది విషమేనా?" ఆ తర్వాత కార్బైడ్ అంటే ఏమిటో చెప్పి, చివరి పది సెకన్లలో అసలు సంగతికి వచ్చాను. కాడ రంగు చూసి కార్బైడ్ అని తేల్చలేమనీ, చల్లగదిలో ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టిన పండుకు కూడా కాడ ఆకుపచ్చగానే ఉంటుందనీ చెప్పాను.

రెండు లక్షల మంది చూశారు. ఎగిరి గంతేశాను. ఎవరో మొదటి 12 సెకన్లు కత్తిరించి వాట్సాప్‌లో వదిలారని మర్నాడు తెలిసింది. అది తీసింది మా సెంటర్లో, నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అని పిలిచే ఆయన బండి దగ్గర. బండి మీది దేవుడి పటం, నీలం గొడుగు, అన్నీ కనిపిస్తున్నాయి. మూడు రోజులు ఎవరూ కొనలేదట. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చల్లగది వాళ్లిచ్చిన చీటీ జేబులోంచి తీసి చూపించి, "నాలుగు గెలలు మేకలకు వేశానమ్మా" అన్నాడు, అంతే.

వీడియో తీసేశాను. ఆ ముక్క మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మరి ఎక్కడ తప్పు చేశాను?

---

పులస ప్రియుడు

తప్పు మేకలది కాదు, అది మాత్రం ఖాయం. మిగతాది పెద్దలు చెబుతారు.

---

చాక్‌పీసు మాస్టారు

అమ్మాయీ, నేను 31 ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ని, కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకు. నువ్వు అబద్ధం చెప్పలేదు, అబద్ధాన్ని ప్రశ్నగా అడిగావు. జనం చెవిలో ప్రశ్నార్థకం నిలబడదు. "విషమేనా" అంటే "విషమే" అనే వినిపిస్తుంది.

విషయం సరిగ్గా చెప్పుకుందాం. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది. పండు తనంతట తాను వదిలే ఇథిలీన్‌లాగే అది కూడా మగ్గమని సంకేతం ఇస్తుంది. చిక్కు ఎసిటిలీన్‌తో కాదు, కార్ఖానాల కోసం తయారయ్యే ఆ కార్బైడ్ గడ్డలో మలినాలుగా ఉండే ఆర్సెనిక్, భాస్వరాలతో. అందుకే మన దేశంలో పళ్లు మగ్గబెట్టడానికి దాన్ని నిషేధించారు. ఇథిలీన్‌ను మాత్రం పది లక్షల పాళ్లకు 100 పాళ్ల వరకు వాడవచ్చని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది.

మన తాతలు గెలలను గదిలో పెట్టి ఎండుగడ్డి పొగ వేసేవారు కదా? ఆ పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది. అంటే చల్లగది కొత్త మాయ కాదు, పాత పొగగదికి లెక్క తెలిసిన మనవడు. నీ వీడియో ఇక్కడ మొదలై ఉంటే ఏ మేకకూ అరటిపళ్లు దక్కేవి కావు.

---

పాలకొల్లు వలసపక్షి

మాస్టారి మాట నిజం. నేను పాలకొల్లులో పుట్టి, ఇప్పుడు అడిలైడ్ దగ్గర ఒక వైన్ తయారీ ప్రయోగశాలలో పని చేస్తున్నాను. మా రంగంలో ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది.

1991 నవంబరులో అమెరికా టీవీలో, '60 మినిట్స్' అనే కార్యక్రమంలో ఒక కథనం వచ్చింది. ఫ్రెంచివాళ్లు వెన్న, జున్ను అంతగా తింటున్నా గుండె జబ్బులు తక్కువ, ఎందుకు? ఎర్ర వైన్ కారణం కావచ్చు అన్నారు. "కావచ్చు" అన్న మాటను ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. ఎర్ర వైన్ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. ఆల్కహాలును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది, అంటే ఆ కథనానికి మూడేళ్ల ముందే. అది ఎవరికీ పట్టలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది. ఈ వార్త ఎంతమంది ఫోన్లలో తిరిగింది? "గుండెకు మంచిది" అన్న ముక్క మాత్రం మా మేనమామ నాకు ఇప్పటికీ పంపుతూనే ఉంటాడు, సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి.

లంక అరటి గారూ, మీ 12 సెకన్ల ముక్కకు మేనమామలు దొరికారు. అంతే జరిగింది.

---

అంగన్‌వాడీ అక్క

చెల్లీ, నువ్వు వీడియో తీసేయడం నాకు నచ్చలేదు. తీసేశాక ఆ ముక్క ఒక్కటే మిగిలింది. "అసలుది ఇదిగో చూడండి" అని బాబాయ్ ఎవరికైనా చూపించడానికి కూడా లేకుండా పోయింది.

నా అనుభవం చెబుతాను. మా కేంద్రానికి పోషకాలు కలిపిన బియ్యం వస్తాయి. వంద కిలోల మామూలు బియ్యంలో ఒక కిలో ప్రత్యేకమైన గింజలు కలుపుతారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి ముద్ద చేసి, మళ్లీ గింజ ఆకారంలో తీస్తారు. అవి కాస్త పసుపుగా, మొద్దుగా ఉంటాయి, కొన్ని నీళ్లలో తేలతాయి కూడా. ప్లాస్టిక్ బియ్యం అని ఒక వీడియో వచ్చింది. తల్లులు చేటలో పోసుకుని ఆ గింజలన్నీ ఏరి పారేయడం మొదలుపెట్టారు. రక్తహీనత ఉన్నవాళ్లే ఇనుమును ఏరి కోళ్లకు వేస్తున్నారన్నమాట!

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్లు ఏరిన గింజల్నే పది తీసుకుని రోట్లో నూరాను. పిండి అయింది. పక్కన ఒక ప్లాస్టిక్ బకెట్ పెచ్చు పెట్టాను. రెండింటి మీదా టించర్ అయోడిన్ చుక్క వేశాను. పిండి నేరేడుపండు రంగుకు తిరిగింది. ప్లాస్టిక్ మీద చుక్క అలాగే గోధుమ రంగులో కూర్చుంది. ఒక తల్లి తన ఫోన్లో తీసింది, మాటలు లేవు, వెనక కోడి అరుస్తూ ఉంటుంది. ఆ వీడియో మా మండలమంతా తిరిగింది. దాన్ని ఎక్కడ కత్తిరించినా తప్పు అర్థం రాదు, ఎందుకంటే అందులో మాటే లేదు.

---

లంక అరటి

అక్కా, "ఎక్కడ కత్తిరించినా తప్పు అర్థం రాదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. రాత్రంతా అదే ఆలోచన.

---

తాటివనం

మా నాన్న గీత కార్మికుడు. నేను డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఉండి వీడియోలు తీస్తున్నాను. కల్లు గురించి తీస్తే చూసేవాళ్లకు కొదవ లేదు, కానీ అందరికీ కావలసింది ఒకే మాట: "కల్లు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి" అని చెప్పాలి. నేను చెప్పను. చెప్పనందుకు తిట్లు వస్తాయి.

నీరాకు, కల్లుకు తేడా చూపించడానికి నేను చేసింది ఇది. తెల్లవారుజామున నాన్న రెండు కుండలు దింపాడు. ఒకదాని లోపల ముందు రోజే సున్నం పూశాం, రెండోది రోజూ వాడే ఉత్త కుండ. రెండింటి నుంచీ చెరో సీసా నింపి, మూతికి బుడగలు తొడిగాను, పిల్లలు పుట్టినరోజుకు ఊదేవి. సున్నం కుండ సీసా మీది బుడగ వాలిపోయి అలాగే ఉంది. రెండోది తొమ్మిదింటికి తల ఎత్తింది, పదకొండింటికి నిటారుగా నిలబడింది. తాటి రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గాలిలో, కుండ గోడల్లో ఉన్న ఈస్టు దాన్ని తిని సగం ఆల్కహాలుగా, సగం బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. ఆ వాయువే బుడగలో చేరింది. సున్నం పులుపును పుట్టనివ్వదు, సూక్ష్మజీవుల ఆట కట్టేస్తుంది, అందుకే నీరా తియ్యగా ఉండిపోతుంది.

సీసాకు చెవి ఆనిస్తే సన్నగా చిటపటమంటుంది. ఫోను మైకును సీసాకు ఆనించి ఆ చప్పుడు పట్టాను. నా వీడియోల్లో ఎక్కువ మంది చివరిదాకా చూసింది అదే.

రెండో రోజు కూడా అలాగే ఉంచితే వేరే సూక్ష్మజీవులు వచ్చి ఆల్కహాలును వినెగర్ చేస్తాయి. మా అమ్మ పాత కల్లును చింతపండుకు బదులు చేపల పులుసులో వేసేది. ఆ భాగం పెట్టలేదు, అమ్మ వద్దంది.

---

పాలకొల్లు వలసపక్షి

తాటివనం తమ్ముడూ, ఆ బుడగల వీడియో నేను మా ప్రయోగశాలలో అందరికీ చూపించాను. భాష తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. మేము 20 వేల లీటర్ల స్టీలు తొట్టెలో చేసేదీ, మీ నాన్నగారి కుండలో జరిగేదీ ఒకటే కథ. 1860లలో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో వైన్ ఎందుకు చెడిపోతోందో వెతుకుతూ, మరిగించకుండా మెల్లగా వేడి చేస్తే చాలని కనుక్కున్నాడు. పాల ప్యాకెట్ మీద మనం రోజూ చదివే పాశ్చరైజ్డ్ అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. ముందు వైన్, ఆ తర్వాతే పాలు.

ఒక్క ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది. మా అమ్మకు నా ఉద్యోగం గురించి తెలుగులో చెప్పాలంటే మాట దొరకదు. "పులిసిన ద్రాక్షరసం" అంటే చెడిపోయినది అనుకుంటుంది. "కిణ్వనం" అంటే పరీక్షలో అడుగుతారా అంటుంది. "ద్రాక్షసారా" అంటే ఇక పెళ్లి సంబంధాలు రావు.

---

చాక్‌పీసు మాస్టారు

కిణ్వ ప్రక్రియ అన్న మాట పాఠ్యపుస్తకంలో ఉంది. వాడకపోతే ఎలా అలవాటవుతుంది? అన్నీ పులియడమే అంటే పెరుగుకూ కల్లుకూ తేడా ఎలా చెబుతారు? ఒకచోట లాక్టిక్ ఆమ్లం, ఒకచోట ఆల్కహాలు. శాస్త్రం చెప్పేవాడు మాటను పలచన చేయకూడదు.

---

అంగన్‌వాడీ అక్క

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మా కేంద్రంలో తల్లులకు ఇడ్లీపిండి పొంగడం తెలుసు, పెరుగు తోడుకోవడం తెలుసు, కల్లు నురగలు కక్కడం తెలుసు. మూడింటికీ మూడు వేరు వేరు మాటలు వాళ్ల దగ్గర ముందే ఉన్నాయి. పొంగడం, తోడుకోవడం, నురగెత్తడం. మీరు తెచ్చిన ఒక్క పెద్ద మాటే ఆ తేడాను చెరిపేస్తోంది.

---

చాక్‌పీసు మాస్టారు

...ఇది నేను ఒప్పుకోవాలి. 31 ఏళ్లలో నాకు తట్టలేదు.

అయితే "కెమికల్" సంగతి కూడా తేల్చండి. ఏ వీడియో చూసినా "ఇందులో కెమికల్ లేదు" అంటారు. నీళ్లు రసాయనం కాదా, ఉప్పు కాదా? ఆ మాట వింటే నాకు రక్తపోటు పెరుగుతుంది.

---

రేకులమ్మ

నమస్కారమండీ, మాది ఆత్రేయపురం పక్క ఊరు, పూతరేకులు చేసి అమ్ముతాము. మాస్టారి రక్తపోటుకు నేనూ కారణమే, మా పెట్టె మీద "కెమికల్స్ లేవు" అని వేయించాను. కొనేవాళ్లు అది చూస్తారు కాబట్టి.

ఇక్కడికి వీడియోలు తీసేవాళ్లు వారానికొకరు వస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఇంకా పెరిగారు. అందరూ ఒకటే తీస్తారు: బోర్లించిన కుండ, కింద మంట, పిండినీళ్లలో ముంచిన గుడ్డ, ఒక్క లాగు, రేకు. "అద్భుతం" అంటారు, వెళ్లిపోతారు. రేకు ఎందుకు లేస్తుంది, దోసె ఎందుకు అలా లేవదు అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకు చేయి తెలుసు గానీ కారణం తెలియదు. లంక అరటి గారూ, మీకు తెలిస్తే చెప్పండి.

---

లంక అరటి

అమ్మో, ఎంత మంచి ప్రశ్న! నాకు తెలిసినంత చెబుతాను. మీరు నానబెట్టి రుబ్బే బియ్యం జయ రకం కదా? అన్నం వండితే పొడిపొడిగా వచ్చే రకం. పొడిగా ఉండే బియ్యంలో అమైలోజ్ అనే పొడవాటి గంజి దారాలు ఎక్కువ. అవి ఒకదాన్నొకటి పట్టుకుని పొరలా అల్లుకుంటాయి. జిగురు బియ్యంలో కొమ్మలు కొమ్మలుగా ఉండే గంజి ఎక్కువ, అది అంటుకుంటుంది తప్ప పొరగా లేవదు. గంజి ఉడకడానికి 70 డిగ్రీల చుట్టూ వేడి చాలు, మీ కుండ అంతకంటే చాలా ఎక్కువ వేడి మీద ఉంటుంది. పిండినీళ్లు మజ్జిగ కంటే పలచన కాబట్టి తగిలిన క్షణంలోనే ఉడికి, నీరు ఆవిరై, ఎండి, ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు అంచు లేస్తుంది. మీ చేయి ఆ అంచునే పట్టుకుంటుంది. దోసె మందం కాబట్టి లోపల తడి ఉండిపోతుంది.

---

రేకులమ్మ

అంచు ముందు లేస్తుంది, అవును! వానాకాలం అంచు లేవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది, అప్పుడు తొందరపడి లాగితే చిరుగుతుంది. కొత్త పిల్లలకు "అంచు పిలిచేదాకా ఆగండి" అని చెబుతాను. కారణం ఇదన్నమాట.

---

పులస ప్రియుడు

నాకూ ఒక శాస్త్రం కావాలి. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదారి ఎదురెక్కితే పులస. పుస్తెలమ్మి అయినా తినాలన్నారు. మా ఇంట్లో పుస్తెలు ఇవ్వమంటున్నారు. శాస్త్రం చెప్పి ఒప్పించగలరా?

---

నిర్వాహకులు

పులసకు వేరే చర్చ తెరవండి. ఇక్కడ అరటి నడుస్తోంది.

---

పాలకొల్లు వలసపక్షి

కెమికల్ మాట దగ్గరికి వస్తాను. వైన్ సీసా మీద "సల్ఫైట్లు ఉన్నాయి" అని రాస్తారు, అంటే వైన్ చెడిపోకుండా వేసే గంధకపు లవణాలు. యూరప్‌లో లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే రాయాల్సిందే. జనం తాగి తలనొప్పి వస్తే నెపం సల్ఫైట్ల మీద వేస్తారు, తాగిన నాలుగు గ్లాసుల మీద కాదు. పాయసంలో వేసే మెరిసే బంగారు రంగు కిస్‌మిస్ ఉంది చూశారా, దానికి గంధకపు పొగ పెడతారు. చాలాసార్లు వైన్ కంటే అందులోనే సల్ఫైట్లు ఎక్కువ. బెల్లం తెల్లగా కనబడాలని వేసే హైడ్రోస్ కూడా ఈ కుటుంబానిదే. ఉబ్బసం ఉన్న కొందరికి ఇవి నిజంగానే పడవు, వాళ్లకు ఆ సమాచారం అవసరం. మిగతావాళ్లకు అది భయం కాదు, లెక్క.

కంటి సంగతి కూడా ఒకటి. 2001లో బోర్డోలో ఒక ప్రయోగం ప్రచురించారు. వైన్ చదువు చదివే 54 మందికి తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు ఏం చెప్పాలో కన్ను ముందే నిర్ణయించింది. బెల్లం తెల్లగా ఉంటే శుభ్రమనీ, అరటి కాడ ఆకుపచ్చగా ఉంటే విషమనీ అనుకోవడం కూడా అలాంటిదే. ఆ చదువరులే మోసపోయారు, మన మేనమామలను ఏమనగలం?

---

తాటివనం

లంక అరటి గారూ, మళ్లీ తీయండి. రెండు సలహాలు. ఒకటి, ఆ తప్పుడు ముక్కను మీ కొత్త వీడియోలో చూపించకండి. ఖండించడానికి చూపించినా అది ఇంకోసారి తిరిగినట్టే. రెండు, అసలు వాక్యాన్ని అక్షరాల్లో రాసి, మొదటి సెకను నుంచి చివరిదాకా తెర మధ్యలో ఉంచండి. కింద పెడితే కత్తిరిస్తారు, మధ్యలో పెడితే కత్తిరించలేరు. చాలామంది బస్సులో శబ్దం ఆపేసి చూస్తారు కూడా.

---

చాక్‌పీసు మాస్టారు

నీ చదువేమిటో కూడా పేరు పక్కన రాయి. ఆరోగ్యం గురించి చెప్పి ప్రచారం చేసేవాళ్లు తమ అర్హత వెల్లడించాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో నియమం పెట్టింది. నీది ప్రకటన కాదు, అయినా రాయి. నీకు అర్హత ఉంది, దాచుకోవడం దేనికి?

---

లంక అరటి

ఇవాళ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. అరగంట బండి పక్కన నిలబడ్డాక, "ఈసారి నేనే మాట్లాడతాను, నువ్వు పట్టుకో" అన్నాడు. గొడుగు, దేవుడి పటం కనిపించాలట. "పోయింది అక్కడే కదా, రావాల్సిందీ అక్కడికే" అన్నాడు.

మొదటి వాక్యం ఇది అనుకుంటున్నాను, చూడండి: "కాడ ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన కార్బైడ్ కాదు." ఇదే తెర మధ్యలో చివరిదాకా ఉంటుంది. తర్వాత బాబాయ్ ఒక అత్తం తీసి, ఇవాళ్టిది, రేపటిది, ఎల్లుండిది అని మూడు పళ్లు వరుసగా పెడతాడు. ఎల్లుండిదాని కాడ కూడా పసుపు తిరిగి, తొక్క మీద మచ్చలు వస్తాయి. నా గొంతు ఉండదు.

---

అంగన్‌వాడీ అక్క

"మాత్రాన" తీసెయ్, నోరు తిరగదు. "కాడ ఆకుపచ్చగా ఉంటే కార్బైడ్ కాదు" అని పెట్టు.

---

చాక్‌పీసు మాస్టారు

అలా పెడితే ఆకుపచ్చ కాడ ఉన్నవన్నీ మంచివే అని అర్థం వస్తుంది. అది ఇంకో అబద్ధం. "కాడ రంగు చూసి కార్బైడ్ అని చెప్పలేం." ఇలా రాయి.

---

అంగన్‌వాడీ అక్క

మాస్టారు గెలిచారు. నోరు కూడా తిరుగుతోంది.

---

రేకులమ్మ

నేను కూడా పెట్టె మీది మాట మార్పిస్తున్నాను. "బియ్యం, బెల్లం, నెయ్యి. ఇంతే." కెమికల్ మాట తీసేశాను. పాత పెట్టెలు ఇంకా 400 ఉన్నాయి, అవి అయ్యాక.

---

లంక అరటి

చాలా సంతోషం, అందరికీ. గురువారం పొద్దున చల్లగదిలో కూడా తీయడానికి ఒప్పుకున్నారు. లోపల 17 డిగ్రీలట, స్వెట్టరు తెచ్చుకోమన్నాడు బాబాయ్. లంకలో స్వెట్టరు ఎవరింట్లో ఉంటుందండీ?

---

పులస ప్రియుడు

మా ఇంట్లో ఉంది. పుస్తెలు తప్ప ఏం కావాలన్నా ఇస్తారు.